ఎవరు నేర్పారు నీకు?



ఈ వారం మన ఛానల్‌లో ప్రహ్లాద చరిత్ర వీడియో చూసే ఉంటారు. తక్కువ టైమ్‌లో కథంతా చెప్పాలి కాబట్టి ఒక చిన్న ఘట్టం దగ్గర ఆగలేకపోయాం. ఈ పోస్టు ఆ ఘట్టం గురించే. దాన్ని నాకు చూపించింది ఏ పండితుడో కాదు, మా అక్క కూతురు. పదకొండేళ్ళ పిల్ల. అది అడిగిన ఒక్క ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. కానీ ఆ ప్రశ్న వల్ల మా ఇంట్లో ఒక పెద్ద నిర్ణయం మారింది.

"మాకింకా పెళ్ళే కాలేదు, పిల్లల చదువుల గోల మాకెందుకు" అనుకోకండి. నాకూ పెళ్ళి కాలేదు. మనకంటే చిన్నవాళ్ళు, మన మాట వినేవాళ్ళు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. ఇది వాళ్ళకీ మనకీ మధ్య సంగతి.

అక్క వాళ్ళింట్లో బడి

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. మా అక్కా బావా దేవరకొండ దగ్గర ఒక ఊళ్ళో ఉంటారు. బావకి నాలుగెకరాల బత్తాయి తోట. అక్క ఆరేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసింది. యూకేజీ పిల్లలకి కూడా వారం వారం పరీక్ష పెట్టి, మార్కులు తగ్గినవాళ్ళని వెనక బెంచీలో కూర్చోబెట్టడం చూసి ఒకరోజు ఉద్యోగం మానేసింది. "నా పిల్లలను దీంట్ల వెయ్య" అంది. అప్పటినుంచి ఇద్దరు పిల్లలకీ ఇంట్లోనే చదువు. పెద్దది ఆడపిల్ల. చిన్నోడికి ఏడేళ్ళు.

హోమ్‌స్కూలింగ్ అనగానే మనలో చాలామందికి బెంగళూరులోనో అమెరికాలోనో ఉండేవాళ్ళ వ్యవహారంలా అనిపిస్తుంది. మా అక్క ఇల్లు అట్లా ఉండదు. పొద్దున వాళ్ళ నానమ్మ వాకిట్లో ముగ్గు వేస్తుంటే చుక్కలు లెక్కపెట్టడం చిన్నోడి మొదటి క్లాసు. ఏడు చుక్కలు, ఏడు వరసలు. ఏడో ఎక్కం వాడికి అట్లాగే వచ్చింది. టిఫిన్ అయ్యాక అక్క గంటసేపు పైకి చదువుతుంది, ఇద్దరూ వింటారు. తర్వాత లెక్కలు. మధ్యాహ్నం ఎవరి పుస్తకం వాళ్ళది. సాయంత్రం బావతో తోటకి. బత్తాయి కోతకొస్తే టన్ను ధర ఎంత, కమీషను, హమాలీ, బండి కిరాయి పోగా చేతికి ఎంత మిగిలింది అని నోట్‌బుక్‌లో రాసే పని పెద్దదానిది. "ఈసారి నాన్నకు లాసే మామా" అని నాకు ఫోన్‌లో చెప్పింది కూడా అదే.

ఒకసారి నేను వెళ్ళేసరికి పిల్లలిద్దరూ రెండు బకెట్లు పెట్టుకుని కూర్చున్నారు. ఒకదాంట్లో పాత బోరు నీళ్ళు. మా బావ వాళ్ళ పెద్దనాన్నకి నడుము వంగిపోయింది ఆ ఫ్లోరైడ్ నీళ్ళ వల్లే. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మన జిల్లాలో ఎన్నో ఊళ్ళు తరాలపాటు అంతకంటే ఎక్కువే తాగాయి. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ని తగ్గించే పద్ధతి కనిపెట్టారు. దాని పేరే నల్గొండ టెక్నిక్. పటిక, సున్నం కలిపి బాగా తిప్పితే నీళ్ళలో తెట్టెలు కడతాయి. ఆ తెట్టెలు ఫ్లోరైడ్‌ని పట్టుకుని అడుక్కి దిగిపోతాయి. ఆ నీళ్ళు తాగలేదు, ఇప్పుడు ఊళ్ళో నల్లాల్లో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. కానీ బకెట్ అడుగున పేరుకున్న తెల్లటి మడ్డిని చూసి చిన్నోడు, "తాత నడుముల ఉన్నది ఇదేనా?" అని అడిగాడు. నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో నన్ను అంత గట్టిగా తాకిన ల్యాబ్ క్లాసు ఒక్కటీ గుర్తులేదు.

మేనమామ పుస్తకాల బీరువా

ఈ బడిలో నా ఉద్యోగం పుస్తకాలు కొనడం. ఆ పిల్ల చెవులు కుట్టించింది నా ఒళ్ళో కూర్చోబెట్టే. ఆ చెవుల్లో ఏ మాటలు పడాలో కూడా నేనే చూసుకోవాలి అన్నట్టు ప్రవర్తించాను. ప్రతి జీతానికీ ఒక పార్సిల్.

మా బీరువాలో పోతన భాగవతం వచన కథలుగా ఉంది. పాత చందమామల కట్టలున్నాయి. జపాన్‌లో రైలుపెట్టెల్లో నడిచిన ఒక బడి గురించి రాసిన తొత్తోచాన్ కథ తెలుగులో 'రైలుబడి'గా వచ్చింది కదా, అది అట్టలు ఊడేదాకా చదివారు. అక్కకి ఇష్టమైన పుస్తకం మాత్రం సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1955లో తెలుగుకి మొదటి సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చింది అదే. రాజుల యుద్ధాలు కాదు, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నది అందులో ప్రధానం. ఆయన గద్వాల సంస్థానం ప్రాంతంవాడు, మన పాలమూరు మనిషి. అక్క అందులోంచి ఒక పాత ఆట పేరో వంట పేరో చదివితే పిల్లలు పరిగెత్తుకెళ్ళి నానమ్మని అడుగుతారు. ఆమెకి సగం తెలుస్తాయి. తెలియనివి ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గరికి చేరతాయి.

సురవరం గారి గురించి అక్క పిల్లలకి తరచూ చెప్పే సంగతి ఇంకొకటి ఉంది. తెలంగాణలో కవులే లేరు అని ఎవరో అంటే, ఆయన తిట్టుకుంటూ కూర్చోలేదు. ఊరూరా వెతికించి 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. "ఎవరన్న ఏమన్న అంటే కోపం తెచ్చుకోవద్దు, పోయి చూసి రావాలె" అని అక్క మాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

నేనెందుకు అంత పట్టుగా పుస్తకాలు కొంటున్నానో నాకు చాలాకాలం తెలియలేదు. ఇంటర్ రెండేళ్ళూ నేను ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. ఒకసారి నా ట్రంకు పెట్టెలో కథల పుస్తకం దొరికితే అందరి ముందూ లాక్కున్నారు. అది తిరిగి అడగడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. ర్యాంకు వచ్చింది, సీటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. చదవాలన్న ఆశ మాత్రం పదేళ్ళపాటు తిరిగి రాలేదు. ఆ పుస్తకాన్ని నేను మేనకోడలి చేతుల్లో మళ్ళీ చూసుకుంటున్నాను. అందులో ప్రేమ ఉంది, నిజమే. నా లెక్క తేల్చుకోవడం కూడా ఉంది.

పిల్లలమర్రి దగ్గర

ఒక ఆదివారం అందరం మహబూబ్‌నగర్ వెళ్ళి పిల్లలమర్రి చూశాం. ఏడువందల ఏళ్ళ నాటిదని చెప్పే మర్రి. మూడెకరాలకి పైగా పరుచుకుంది. అసలు మాను ఏదో చెప్పడం కష్టం. 2018లో చెదలు పట్టి కొమ్మలు పడిపోతుంటే, మనుషులకి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. ఆ ఫోటోలు మీరూ చూసే ఉంటారు.

దారిలో రాలి ఉన్న మర్రిపండు ఒకటి తీసి అక్క పిల్లలకి ఛాందోగ్యోపనిషత్తులోని శ్వేతకేతు కథ చెప్పింది. తండ్రి ఉద్దాలకుడు కొడుకుని మర్రిపండు తెమ్మంటాడు. చీల్చమంటాడు. లోపల సన్నటి గింజలు. ఒక గింజని చీల్చమంటాడు. ఏముంది? ఏమీ లేదు. ఆ ఏమీ కనబడని దాంట్లోంచే ఇంత మర్రి వచ్చిందని, ఆ కనబడని సత్యం తనలోనూ ఉందని కొడుక్కి చూపిస్తాడు. చిన్నోడు గింజని గోటితో నలిపి చాలాసేపు చూశాడు. ఆరోజు నాకు ఎంత గర్వంగా అనిపించిందో! ఏ స్కూలు చెప్తుంది ఇట్లాంటి పాఠం అనుకున్నాను. హోమ్‌స్కూలింగ్‌కి ఉపనిషత్తే సాక్ష్యం అని ఫ్రెండ్స్ గ్రూపులో పెద్ద మెసేజ్ కూడా పెట్టాను.

ఒక్క విషయం వదిలేశాను. ఆ కథ మొదట్లో ఉద్దాలకుడు కొడుకుని ఇంట్లో కూర్చోబెట్టుకోలేదు. పన్నెండేళ్ళ వయసులో గురుకులానికి పంపాడు. పన్నెండేళ్ళు చదివి ఇరవైనాలుగేళ్ళకి తిరిగొచ్చాడు, కాస్త గర్వం కూడా తలకెక్కించుకుని వచ్చాడు. మర్రిపండు పాఠం ఆ తర్వాతది. నాకు కావలసిన సగం తీసుకుని, అక్కర్లేని సగం వదిలేశాను. శాస్త్రాన్ని మన వాదనకి వాడుకునేవాళ్ళందరం చేసే పని ఇదే.

"నేను బడికి పోత"

మొన్న ఎండాకాలం ఒకరోజు పెద్దది అన్నం తింటూ మామూలుగా అంది. "అమ్మా, జూన్‌ల బడి తెరుస్తరు కదా, నేను గూడ పోత."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. తర్వాత తన నోటినుంచి వచ్చిన మొదటి మాట: "ఎవరు నేర్పిన్రు నీకు?"

ఎవరూ నేర్పలేదు. పక్కింట్లో దాని ఈడు పిల్ల ఉంది. ఆ పిల్ల అమ్మానాన్నలు హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోతారు, నెలకోసారి వస్తారు. పిల్ల నాయనమ్మ దగ్గర ఉండి ఊరి ప్రభుత్వ బడిలో చదువుతుంది. సాయంత్రం ఇద్దరూ చింతచెట్టు కింద ఆడుకుంటారు. ఆ పిల్లకి మా బీరువాలో పుస్తకాలంటే ఇష్టం. మా పిల్లకి దాని బడి కబుర్లంటే ఇష్టం.

అక్క ఆ నాయనమ్మ దగ్గరికి వెళ్ళి, మీ మనవరాలు ఏమైనా చెప్పిందా అని అడిగిందట. ఆమె చాలా శాంతంగా, "మేము పిల్లను బడికి తోలనీకె ఊరు విడిచి కూలికి పోతున్నం బిడ్డా. మీరు బడి ఉండంగ ఇంట్ల ఎందుకు ఉంచుతున్నరో నాకైతే సమజ్ గాదు" అంది. అక్క ఏం మాట్లాడకుండా తిరిగొచ్చింది.

ఆ మాటలో కోపం లేదు. దాని వెనక ఒక చరిత్ర ఉంది. పాలమూరు కూలీలు దేశంలో ఎక్కడెక్కడో డ్యాములు, కాలువలు కట్టడానికి వలసపోయారు, వాళ్ళ పిల్లలూ వెంట పోయారు. నిజాం కాలంలో బడుల్లో ఉర్దూ మాధ్యమం కాబట్టి ఎంతోమందికి తెలుగు అక్షరాలు ఇంట్లోనో వీధిబడిలోనో వచ్చాయి, చాలామందికి అసలు రానేలేదు. పనిలో ఉన్న పిల్లల్ని బడికి తేవడానికి శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ ఎంత కష్టపడ్డారో తెలిసిందే. ఆ పనికే ఆమెకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది ఆ చట్టం. ఇంట్లో చదివించేవాళ్ళ గురించి విడిగా ఏమీ చెప్పదు. ఒకరికి తరాలు పోరాడితే దొరికిన తలుపు, ఇంకొకరికి వద్దనుకునే సౌకర్యం. అక్క ఎంపిక తప్పని నేననను. కానీ అది ఎంపిక అని, అందరికీ ఉండేది కాదని, ఆ ముసలమ్మ చెప్పేదాకా మాకు తట్టలేదు.

గుట్ట మీద అడిగిన ప్రశ్న

అక్క నాకు ఫోన్ చేసింది. "తమ్మీ, నువ్వు చెప్తే వింటది. జర సమజాయించు."

నేను ఒప్పుకున్నాను. ఆ వారాంతం అందరం యాదగిరిగుట్టకి వెళ్ళాం. 2022 మార్చిలో కొత్త ఆలయం తెరిచాక పిల్లలు రావడం అదే మొదటిసారి. నా ప్లాన్ సింపుల్. నరసింహస్వామి సన్నిధి, ప్రహ్లాదుడి కథ, అందులోంచి నీతి. ప్రహ్లాదుడికి అసలు జ్ఞానం తల్లి గర్భంలో ఉండగా నారదుడి ఆశ్రమంలో వచ్చింది. బడిలో చండామార్కులు చెప్పిందంతా రాజుకి పనికొచ్చే చదువు. కాబట్టి బడి ముఖ్యం కాదు బంగారం, ఇంట్లో పునాది ముఖ్యం. ఇట్లా ముగిద్దామనుకున్నాను.

దర్శనం అయ్యి, పులిహోర తింటూ ఒక నీడలో కూర్చున్నాం. నేను చెప్పిందంతా విని అది అడిగింది:

"మామా, హిరణ్యకశిపుడు గూడ కొడుకు మంచికే అనుకున్నడు కదా?"

నేను ఏదో చెప్పబోయాను. అది ఆగలేదు. "ప్రహ్లాదుడు జవాబు చెప్పంగనే, అది నిజమా కాదా అని అడగలే. ఎవరు నేర్పిన్రు అన్నడు. అమ్మ గూడ అట్లనే అన్నది." వెంటనే అక్క వైపు చూసి, "అమ్మ మంచిదే" అంది.

అక్క లేచి చిన్నోడి చేతులు కడిగించడానికి వెళ్ళిపోయింది. నేను పులిహోర పొట్లం వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి భాగవతం తీసి చూశాను. పిల్ల చెప్పింది నిజమే. హిరణ్యకశిపుడు మొదట్లో కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నువ్వు చదివినదాంట్లో నీకు ఏది మంచిదనిపించిందో చెప్పమని ముద్దుగానే అడుగుతాడు. ఏ తండ్రైనా అడిగే ప్రశ్నే. తనకి కావలసిన జవాబు రాకపోయేసరికి, ఎవరో పాడుచేశారు అంటాడు, కాపలా పెంచమంటాడు. రెండోసారి గురువు మీద విరుచుకుపడతాడు. నేను నేర్పలేదు మహాప్రభో అంటాడు ఆయన. అప్పుడు కొడుకునే నిలదీస్తాడు, గురువు చెప్పకపోతే ఈ బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందని. పాములు, ఏనుగులు, విషం, అన్నీ ఆ తర్వాతే. దానికి ముందు ఉన్నది ఒక్క ప్రశ్న. మన ఇళ్ళలో రోజూ వినబడే ప్రశ్న.

మా ఫీల్డులో ఉన్నవాళ్ళకి అర్థమయ్యేలా చెప్తాను. కోడ్‌లో ఒక లైను మనకి నచ్చకపోతే వెంటనే గిట్ బ్లేమ్ కొడతాం, ఎవరు రాశారో తెలుస్తుంది. కానీ ఆ లైను సరైనదా కాదా అన్నది అది చెప్పదు. దానికి లైను చదవాలి. పిల్లలు మనం నేర్పని మాట అన్నప్పుడు మనం మాట చదవం, గిట్ బ్లేమ్ కొడతాం. ఫోన్ పాడుచేసిందా, ఫ్రెండ్స్ పాడుచేశారా, పక్కింటివాళ్ళా? ఆ పిల్లే ఆలోచించి ఉండొచ్చు అన్న అవకాశం మన లిస్టులోనే ఉండదు.

నేనూ అమాయకుణ్ణి కాదు. అంతకు రెండు నెలల ముందు దాని చేతిలో ముళ్ళపూడి వెంకటరమణ గారి 'బుడుగు' చూశాను. నేను కొన్నది కాదు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్తాడని కావాలనే కొనలేదు. "ఇది ఎవరు ఇచ్చిన్రు?" అని అడిగాను. దేవరకొండ శాఖా గ్రంథాలయంలో తనే వెతికి తెచ్చుకుందట. తన చేత్తో తెచ్చుకున్న మొదటి పుస్తకం అది. "ఎట్లుంది?" అని నేను అడగనే లేదు.

ప్రహ్లాదుడు, భృగువు

ఆ రాత్రి నాకు ఇంకో సంగతి తట్టింది. ప్రహ్లాదుడు గర్భంలో నేర్చుకున్నది ఎక్కడ పంచిపెట్టాడు? బడిలోనే. గురువులు ఇంటి పనుల మీద వెళ్ళినప్పుడు తోటి రాక్షస బాలురు ఆటకి పిలుస్తారు. ఆ విరామంలోనే వాళ్ళకి తను తెలుసుకున్నది చెప్తాడు. చండామార్కుల దగ్గర అతనికి దొరికింది పాఠం కాదు, స్నేహితులు. పునాది ఇంటిదే అయినా, అది నిలుస్తుందో లేదో తెలియాలంటే మనలా ఆలోచించనివాళ్ళ మధ్య కూర్చోవాలి. నా నీతికథలో నేను మింగేసిన రెండో సగం ఇది.

"అయితే పిల్లలు ఏం అడిగితే అది చెయ్యాలా? రోజూ చాక్లెట్ అడుగుతారు, రాత్రంతా గేమ్ ఆడతామంటారు" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. దీనికి నాకు తైత్తిరీయోపనిషత్తులో దారి కనబడింది. భృగువు తండ్రి వరుణుడి దగ్గరికి వెళ్ళి బ్రహ్మం అంటే ఏమిటో చెప్పమంటాడు. వరుణుడు గుర్తులు చెప్పి, తపస్సు చేసి తెలుసుకో అంటాడు. కొడుకు వెళ్ళి, అన్నమే బ్రహ్మం అనుకుని తిరిగొస్తాడు. తండ్రి తప్పు అనడు, ఒప్పు అనడు. మళ్ళీ తపస్సు చెయ్యి అంటాడు. ప్రాణం, మనసు, విజ్ఞానం, ఒక్కో మెట్టుకీ తిరిగొస్తాడు, అదే మాట వింటాడు. ఆఖరికి ఆనందమే బ్రహ్మమని తెలుసుకున్నాక మాత్రం తండ్రిని అడగడానికి రాడు. ఆ అవసరం తీరిపోయింది.

వరుణుడు కొడుకు అడిగింది ఇచ్చేయలేదు, అట్లా అని కాదనీ అనలేదు. ఆ ప్రశ్నని తన చేతుల్లోకి తీసుకోలేదు, అంతే. అది కొడుకుదే అని వదిలాడు. నా మట్టుకు తేడా అక్కడుంది. హిరణ్యకశిపుడికి కొడుకు చదువు తన ఆస్తి. వరుణుడికి అది కొడుకు ఆస్తి, తను కాపలాదారు. ఇంట్లో చదివించినా బడికి పంపినా, ఈ ఇద్దరు తండ్రుల్లో ఎవరిలాగైనా ఉండొచ్చు. నా పుస్తకం లాక్కున్న కాలేజీ, నాకు నచ్చని పుస్తకం కొనని నేను, మా మధ్య నేననుకున్నంత దూరం లేదు.

రెండు వారాలు

ఇదంతా అక్కకి ఫోన్‌లో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "నేనే అంటిని కదా, పోయి చూసి రావాలె అని" అంది.

జూన్ 12న బడి తెరిచాక అక్కే ప్రధానోపాధ్యాయుడిని అడిగి, కూతుర్ని కొన్నిరోజులు పక్కింటి పిల్లతో పంపింది. రెండు వారాల తర్వాత ఇంట్లో ఏముంది, బడిలో ఏముంది అని కాగితం మీద రాసి తెమ్మంది. ఆ కాగితం ఫోటో నా ఫోన్‌లో ఉంది. ఇంటి వైపు పన్నెండు లైన్లు: అమ్మ చదివి చెప్పుడు, పుస్తకాలు, చింతచెట్టు, ఎన్ని ప్రశ్నలు అడిగినా తిట్టరు, ఇట్లా. బడి వైపు నాలుగే. తరగతి గదిల లొల్లి ఎక్కువ. లెక్కలు నాకు వచ్చినవే. కబడ్డీ ఉన్నది. ఆఖరిది: "బడిల నాకు తెలియనోళ్ళు ఉంటరు."

అక్క ఆ ఆఖరి లైను మూడుసార్లు చదివిందట. ఇంట్లో తను ఎంత చేసినా ఇవ్వలేనిది అదొక్కటే.

ఇప్పుడు పెద్దది ఆరో తరగతి, జిల్లా పరిషత్ హైస్కూలు. ఏ వయసు పిల్లల్ని ఆ వయసు తరగతిలోనే, పరీక్ష పెట్టకుండా చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టంలోనే ఉంది కాబట్టి ఇబ్బంది రాలేదు. చిన్నోడు ఇంకా ఇంట్లోనే చదువుతున్నాడు, వాడికి అదే ఇష్టం. రేపు వాడు పదో తరగతి ఓపెన్ స్కూల్లో రాస్తాడో, అక్కలాగే బడికి పోతానంటాడో వాడికే తెలియాలి.

అంతా బాగుందని చెప్పను. పెద్దదానికి కొన్ని క్లాసులు బోర్. ఒకరోజు ఏడుస్తూ వచ్చింది. "నువ్వు బడికి పోలే, నీకేం తెల్వదు" అని ఎవరో అన్నారట. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. అక్కకి పొద్దున గంటసేపు పైకి చదవడం ఇప్పుడు సగం ఖాళీగా ఉంటుంది. "ఇల్లు బోసిపోయింది తమ్మీ" అంటుంది. ఆదివారాలు మాత్రం నలుగురైదుగురు పిల్లలు చింతచెట్టు కిందికి వస్తారు, మా పెద్దది వాళ్ళకి చదివి వినిపిస్తుంది. మొదటి ఆదివారం ఏ పుస్తకం అనుకుంటున్నారు? నేను పంపినవాటిలో ఒక్కటీ కాదు. 'బుడుగు'.

ఈసారి నేను "ఎవరు చెప్పారు" అని అడగలేదు. "ఎక్కడ ఎక్కువ నవ్విన్రు?" అని అడిగాను. అరగంట చెప్పింది.

ఈ వారం మీరూ ఒక చిన్న పని చేసి చూడండి. మీకంటే చిన్నవాళ్ళు, తమ్ముడో చెల్లెలో, ఆఫీసులో కొత్తగా చేరిన జూనియరో, మీరు ఊహించని మాట అన్నప్పుడు "ఎవరు నేర్పారు నీకు" అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని అక్కడే ఆపి, "నీకెందుకు అట్లా అనిపించింది?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా వినండి. ఒప్పుకోవాలని లేదు. స్వామి స్తంభంలో ఉన్నాడా అని హిరణ్యకశిపుడు ఎగతాళిగా అడిగాడు, అయినా ఉన్నాడు. మన ఎదురుగా కూర్చున్న పిల్లలో ఉన్నాడేమోనని మనం కొంచెం భక్తిగానే అడగొచ్చు కదా.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.

జై నారసింహ.